కొత్తగా బిగించిన కంప్యూటర్ స్టార్ట్ కాకపోతే: ఏ మెట్టు మీద ఆగిందో పట్టుకోండి

"మావయ్యా, బోర్డు పోయినట్టుంది."

రాత్రి పదకొండు దాటాక మా అక్క కొడుకు ఫోన్. రైజెన్ 5 7600 ప్రాసెసర్, బీ650 మదర్‌బోర్డు, 16 జీబీవి రెండు డీడీఆర్5 ర్యామ్‌లు. నెల రోజులు ఏరి ఏరి కొనుక్కుని, ఆ సాయంత్రమే సొంతంగా బిగించుకున్నాడు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, రంగు లైట్లు వెలుగుతున్నాయి, మానిటర్ మాత్రం నల్లగా ఉంది. వీడియో కాల్ పెట్టి బోర్డు చూపించమన్నాను. కుడి అంచున, 24 పిన్నుల కనెక్టర్ పక్కన చిన్న పసుపు దీపం వెలుగుతోంది. దాని పక్కన 'డ్రామ్', అంటే ర్యామ్, అని సన్నటి అక్షరాలు. ఎంతసేపు చూశావని అడిగితే, అర నిమిషం చూసి ఆపేస్తున్నా, మళ్లీ వేస్తున్నా అన్నాడు. "ఈసారి ఆన్ చేసి, స్విచ్ జోలికి పోకుండా పావుగంట కూర్చో" అన్నాను. ఆరో నిమిషంలో దీపం ఆరిపోయింది, తెర మీద బయోస్, అంటే విండోస్ కంటే ముందు మెషిన్‌ను లేపే బోర్డు సొంత ప్రోగ్రాం, వచ్చింది.

డీడీఆర్5 ర్యామ్ పెట్టిన మెషిన్ మొదటిసారి ఆన్ అయినప్పుడు, ప్రాసెసర్‌కీ ర్యామ్‌కీ మధ్య సంకేతాలు ఏ సమయానికి, ఏ వోల్టేజీలో పంపితే తప్పు లేకుండా చేరతాయో తానే కొలిచి సరిచూసుకుంటుంది. దీన్ని మెమరీ ట్రైనింగ్ అంటారు. 2022 సెప్టెంబరులో ఏఎండీ ఏఎం5 సాకెట్ బోర్డులు వచ్చిన కొత్తలో దీంతో చాలామంది కంగారుపడ్డారు. ర్యామ్ ఎంత ఎక్కువుంటే అంత ఎక్కువ సేపు పడుతుంది. మధ్యలో మెషిన్ దానంతటదే ఆగి మళ్లీ మొదలవడం కూడా మామూలే. మావాడు అర నిమిషానికోసారి ఆపేస్తుంటే ఆ పని ప్రతిసారీ మొదటికొచ్చింది.

నేను బిగించిన మెషిన్ల కంటే ఇతరులు బిగించి స్టార్ట్ కాక తెచ్చినవే ఎక్కువ విప్పాను. వాటిలో నిజంగా చెడిపోయిన పార్టు దొరికింది తక్కువ. సగమే దిగిన ర్యామ్, పెట్టడం మరిచిపోయిన కేబుల్, తప్పు స్లాట్, పాత బయోస్, ఎక్కువసార్లు దొరికినవి ఇవే. అందుకే "ఏ పార్టు పోయింది" అన్న ప్రశ్నతో మొదలుపెట్టకండి. మెషిన్ ఒక్కో మెట్టూ ఎక్కుతూ వస్తుంది: ముందు కరెంటు, తర్వాత ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్, ఆఖరున డిస్క్. ఏ మెట్టు మీద ఆగిందో కనిపెడితే వెతకాల్సిన చోటు నాలుగు అంగుళాలకు తగ్గిపోతుంది.

చెయ్యి పెట్టే ముందు

ఏ కేబుల్ తీయాలన్నా పెట్టాలన్నా ముందు ఎస్‌ఎంపీఎస్ (మెషిన్‌కు కరెంటు ఇచ్చే డబ్బా) వెనకున్న స్విచ్ ఆపండి, గోడ దగ్గర కూడా ఆపండి. తర్వాత క్యాబినెట్ పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన చార్జ్ కరిగిపోతుంది. బోర్డు తాకే ముందు క్యాబినెట్‌లో పెయింట్ లేని లోహాన్ని ఒకసారి ముట్టుకోండి. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పొద్దు. ప్లగ్గు తీసేసినా లోపలి కెపాసిటర్లు ప్రాణం తీసేంత వోల్టేజీ పట్టుకుని ఉండొచ్చు.

ఇంకో మాట, మన ఇళ్లలో తరచూ ఎదురయ్యేది. ఆన్‌లో ఉన్న క్యాబినెట్‌ను తాకితే సన్నగా జివ్వుమంటోందా? టెస్టర్ పెడితే వెలుగుతోందా? అది బోర్డు షార్ట్ అయిన గుర్తు కాకపోవచ్చు, మీ సాకెట్‌లో ఎర్తింగ్ లేదని అనుమానించాలి. ఎస్‌ఎంపీఎస్‌లోని ఫిల్టర్ కెపాసిటర్లు ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య నుంచి క్యాబినెట్‌కు కలిసి ఉంటాయి. ఎర్త్ లేకపోతే 230 వోల్టుల్లో దాదాపు సగం, చాలా తక్కువ కరెంటుతో, లోహం మీద తేలుతూ ఉంటుంది. మెషిన్ స్టార్ట్ కాకపోవడానికి ఇది కారణం కాకపోయినా, హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టేటప్పుడు పోర్టులు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ సరిచేయించాకే ముందుకెళ్లండి. మూడు పిన్నుల ప్లగ్గుకు రెండు పిన్నుల అడాప్టర్ తగిలించి వాడొద్దు.

ఒకసారికి ఒక్క మార్పే చేయండి. ర్యామ్ మార్చి, కేబుల్ మార్చి, బయోస్ రీసెట్ చేసి ఆన్ చేస్తే, స్టార్ట్ అయినా దేనివల్ల అయిందో తెలీదు.

అసలు కదలికే లేకపోతే

బటన్ నొక్కితే ఫ్యాను కదలదు, దీపం వెలగదు. ముందు గోడ సాకెట్లో ఫోన్ చార్జర్ పెట్టి కరెంటు వస్తోందో లేదో చూడండి. ఎస్‌ఎంపీఎస్ స్విచ్ గీత వైపు నొక్కి ఉందా చూడండి, సున్నా వైపు ఉంటే ఆఫ్. 24 పిన్నుల కనెక్టర్‌ను తీసి మళ్లీ పెట్టండి. దాని కొక్కెం బోర్డు సాకెట్ మీది గూటికి పట్టి 'టక్' మనాలి. కొత్త బోర్డుల్లో అది బిగుతుగా ఉంటుంది. బోర్డు వంగుతుందేమోనన్న భయంతో చాలామంది సగంలోనే వదిలేస్తారు. బోర్డు అంచును కింద వేళ్లతో ఆనించి పట్టుకుని నొక్కండి.

అవన్నీ సరిగ్గా ఉంటే అనుమానం క్యాబినెట్ బటన్ మీదికి వెళ్లాలి. బోర్డు కింది కుడి మూలలో తొమ్మిది పిన్నులు రెండు వరుసల్లో ఉంటాయి. క్యాబినెట్ నుంచి వచ్చే సన్నటి తీగలు వాటికే పెడతాం. ఇక్కడ ఒక్క పిన్ను పక్కకు జరిగినా బటన్ పనిచేయదు. చాలా బోర్డుల్లో 6, 8 నంబర్ల పిన్నులు పవర్ స్విచ్‌వి. మాన్యువల్‌లోని బొమ్మ పక్కన పెట్టుకుని సరిచూసుకోండి. ఆ తీగ తీసేసి, చిన్న స్క్రూడ్రైవర్ మొనతో ఆ రెండు పిన్నులనూ ఒక్క క్షణం కలిపి తాకించండి. అక్కడ ఉండేది చిన్న వోల్టేజీయే, భయం లేదు. మెషిన్ లేచిందంటే తప్పు బటన్‌దో దాని తీగదో. స్విచ్ తీగను అటూ ఇటూ తిప్పి పెట్టినా పర్వాలేదు, ఎల్‌ఈడీ తీగలకు మాత్రం ప్లస్ మైనస్ చూడాలి.

స్క్రూడ్రైవర్‌తోనూ లేవకపోతే ఎస్‌ఎంపీఎస్‌ను విడిగా పరీక్షించాలి. దాని కేబుళ్లన్నీ బోర్డు నుంచి, డిస్కుల నుంచి, కార్డు నుంచి తీసేయండి. 24 పిన్నుల కనెక్టర్‌లో పచ్చ తీగ ఒక్కటే ఉంటుంది. స్విచ్ ఆపి ఉంచి, దాన్ని పక్కనున్న నల్ల తీగకు పేపర్ క్లిప్పుతో కలిపి, ఆ తర్వాత స్విచ్ వేయండి. ఫ్యాను తిరిగితే ఎస్‌ఎంపీఎస్ కనీసం లేస్తోందన్న మాట. మల్టీమీటర్ ఉంటే పసుపు తీగ మీద 11.4 నుంచి 12.6 మధ్య, ఎరుపు మీద 4.75 నుంచి 5.25 మధ్య వోల్టులు రావాలి. రెండు జాగ్రత్తలు. కేబుళ్లన్నీ నల్లగానే ఉన్న మోడళ్లలో రంగు చూసి పోల్చుకోలేరు, అప్పుడు క్లిప్పు మానేసి రెడీమేడ్ ఎస్‌ఎంపీఎస్ టెస్టర్ వాడండి. లోడు తక్కువున్నప్పుడు ఫ్యాను తిరగని మోడళ్లు కూడా ఉన్నాయి, ఫ్యాను కదలనంత మాత్రాన చచ్చిపోయిందని తేల్చేయొద్దు.

ఒక్క క్షణం ఊగి ఆగిపోతే

ఫ్యాను పావు చుట్టు తిరిగి ఆగిపోతే, ఎస్‌ఎంపీఎస్ ఎక్కడో షార్ట్ పసిగట్టి తనను తాను కాపాడుకుంటోందని ముందు అనుమానించండి.

నా రెండో బిల్డ్‌లో ఇదే జరిగింది. చిన్న సైజు మైక్రో ఏటీఎక్స్ బోర్డును పెద్ద క్యాబినెట్‌లో పెట్టాను. క్యాబినెట్‌లో పెద్ద బోర్డుకు సరిపడా ఇత్తడి స్టాండాఫ్‌లు, అంటే బోర్డును ఎత్తి నిలిపే స్క్రూ దిమ్మెలు, ముందే బిగించి ఉన్నాయి. వాటిలో ఒకటి నా బోర్డు రంధ్రాలు వేటి కిందా లేదు, సరిగ్గా టంకం చుక్కల కింద ఉంది. రెండు రోజులు ర్యామ్‌లూ కేబుళ్లూ మార్చాను. చివరికి బోర్డు పైకెత్తి వెనక్కి తిప్పితే, టంకం చుక్కల మీద స్టాండాఫ్ అంచు గుండ్రంగా నొక్కుకున్న గీత కనిపించింది. ఆ స్టాండాఫ్ తీసేశాను, మెషిన్ లేచింది. అప్పటినుంచీ బోర్డు దించే ముందు రంధ్రాలు లెక్కపెడతాను, స్టాండాఫ్‌లు లెక్కపెడతాను, రెండు లెక్కలూ కలిశాకే దించుతాను.

జారిపడిన స్క్రూ కూడా ఇదే పని చేస్తుంది. క్యాబినెట్‌ను మెల్లగా అటూ ఇటూ వంచి వినండి, గలగలమంటే వెతికి తీయండి.

కేబుళ్లు ఊడదీసి పెట్టుకునే మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ అయితే, కేబుళ్లు దాని డబ్బాలో వచ్చినవేనా? ఎస్‌ఎంపీఎస్ వైపు కొసలో పిన్నుల వరుస కంపెనీకో రకం, ఒక్కోసారి ఒకే కంపెనీలో సిరీస్‌కో రకం. సాకెట్‌లో చక్కగా పట్టిన పాత కేబులే 5 వోల్టులు వెళ్లాల్సిన చోటికి 12 వోల్టులు పంపి డిస్కును కాల్చేస్తుంది. దీనికి ట్రబుల్‌షూటింగ్ లేదు, ముందే జాగ్రత్తపడాలి.

ఫ్యాన్లు తిరుగుతాయి, డిస్‌ప్లే రాదు

ఎక్కువమంది వచ్చి ఆగేది ఇక్కడే. ఇప్పటి బోర్డుల్లో చాలావాటి మీద నాలుగు చిన్న దీపాలు ఉంటాయి: సీపీయూ, డ్రామ్, వీజీఏ, బూట్. ఎసుస్ వాళ్లు దీన్ని క్యూ-ఎల్‌ఈడీ అంటారు, ఎంఎస్‌ఐ వాళ్లు ఈజీ డీబగ్ ఎల్‌ఈడీ అంటారు. ఆన్ చేయగానే ఒకదాని తర్వాత ఒకటి వెలిగి ఆరుతాయి. ఏది వెలిగి అలాగే నిలిచిపోయిందో, మెషిన్ ఆగింది ఆ మెట్టు మీదే. దీపాలు లేని బోర్డుకు స్పీకర్ పిన్నులుంటే చిన్న బజర్ పెట్టండి. ఎన్ని బీప్‌లు, పొడుగువా పొట్టివా అన్నది బయోస్‌ను బట్టి మారుతుంది కాబట్టి మీ మాన్యువల్‌లోనే చూసుకోండి.

సీపీయూ దీపం నిలిచిపోతే, బోర్డు పైన ఎడమ మూలలో ఎనిమిది పిన్నుల కరెంటు కనెక్టర్ పెట్టారా చూడండి. హీట్‌సింక్ చాటున ఉంటుంది కాబట్టి మరిచిపోవడం తేలిక. అందులో పెట్టాల్సిన కేబుల్ నాలుగు, నాలుగుగా చీలుతుంది. గ్రాఫిక్స్ కార్డుకు వెళ్లేది ఆరు, రెండుగా చీలుతుంది. రెండూ ఎనిమిదే, కానీ 12 వోల్టులూ గ్రౌండూ ఉండే వైపులు తారుమారు. ఒకటి పట్టకపోతే బలవంతం చేయకండి, అది రెండోది అయ్యుంటుంది.

ఆ తర్వాత బయోస్. సాకెట్‌లో పట్టినంత మాత్రాన బోర్డు ఆ ప్రాసెసర్‌ను గుర్తుపట్టాలని లేదు. ఇంటెల్ 14వ తరం ప్రాసెసర్లు 2023 అక్టోబరులో వచ్చాయి. వాటికంటే చాలా ముందొచ్చిన బీ660, జెడ్690 బోర్డుల్లో కూడా పడతాయి, కానీ బోర్డులో పాత బయోస్ ఉంటే లేవకపోవచ్చు. 2024 ఆగస్టులో వచ్చిన రైజెన్ 9000 ప్రాసెసర్లకూ, షాపులో చాలాకాలం పడి ఉన్న బీ650 బోర్డులకూ ఇదే చిక్కు. బోర్డు కంపెనీ సైట్‌లో మీ మోడల్ పేజీ తెరిచి, సీపీయూ సపోర్ట్ పట్టికలో మీ ప్రాసెసర్ పక్కన ఏ వెర్షన్ రాసి ఉందో చూడండి. డబ్బా మీదో బోర్డు మీదో ఉన్న స్టిక్కర్‌పై బయోస్ వెర్షన్ ఉంటే దాంతో పోల్చండి.

పాతదే అయితే, బోర్డు వెనక బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉందేమో చూడండి. దీనికి పనిచేసే ప్రాసెసర్ కూడా అక్కర్లేదు, 24 పిన్నులదీ 8 పిన్నులదీ కరెంటు ఉంటే చాలు. పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, డౌన్‌లోడ్ చేసిన ఫైలుకు మాన్యువల్ చెప్పిన పేరే పెట్టి, గుర్తు వేసి ఉన్న యూఎస్‌బీ పోర్టులోనే పెట్టి, బటన్ నొక్కి పట్టుకోండి. దీపం మినుకుమినుకుమంటుంది. అది ఆగేదాకా, పది నిమిషాలైనా సరే, కరెంటు పోకూడదు. కోతలున్న రోజుల్లో యూపీఎస్ మీద పెట్టి చేయండి. ఫ్లాష్‌బ్యాక్ లేని బోర్డయితే కొన్న షాపులోనే పాత ప్రాసెసర్ వేసి అప్‌డేట్ చేయించుకోవడం మేలు.

ఇవేవీ కాకపోతే కూలర్ తీసి ప్రాసెసర్ కింద చూడాలి. ఏఎండీ పాత సాకెట్ ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, 1331. ఇంటెల్ ఎల్‌జీఏ1700 సాకెట్‌లో, ఏఎం5లో పిన్నులు బోర్డు సాకెట్‌లో ఉంటాయి. ఫోన్ టార్చ్‌ను ఏటవాలుగా పట్టి, నేరుగా కాకుండా పక్క నుంచి చూడండి. సరిగ్గా ఉన్నవన్నీ ఒకే దిక్కుకు మెరుస్తాయి. వంగింది ఒక్కటున్నా మెరుపులో గండి పడినట్టు కనిపిస్తుంది.

డ్రామ్ దీపం నిలిచిపోతే, మొదట మావాడికి చెప్పిందే మీకూ చెబుతాను: పావుగంట ఆగండి. తర్వాత స్లాట్లు. నాలుగు స్లాట్ల బోర్డులో రెండు ర్యామ్‌లయితే, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోదీ నాలుగోదీ. ఏ2, బీ2 అని వాటి పక్కనే రాసి ఉంటుంది. చూడ్డానికి చక్కగా ఉంటాయని పక్కపక్కన పెట్టేవాళ్లను చాలామందిని చూశాను. ర్యామ్‌ను తీసి, మధ్యలోని గాటు స్లాట్‌లోని అడ్డుతో కలిసేలా చూసి, రెండు చివరలా బొటనవేళ్లతో నిటారుగా నొక్కండి. కొన్ని బోర్డుల్లో ఒక్క వైపే కదిలే క్లిప్పు ఉంటుంది. మోసం జరిగేది రెండో వైపే: క్లిప్పు పట్టుకుంటుంది, అవతలి చివర ఒక మిల్లీమీటరు పైకి లేచి ఉంటుంది. కంటిని బోర్డు ఎత్తుకు దించి, బంగారు గీతలేమన్నా బయటికి కనిపిస్తున్నాయేమో చూడండి.

అప్పటికీ రాకపోతే ఒక్క ర్యామ్‌ను రెండో స్లాట్‌లో పెట్టి చూడండి, దాని బదులు ఇంకోటి పెట్టి చూడండి. ర్యామ్ మారినా ఒక స్లాటే మొరాయిస్తుంటే, కూలర్ స్క్రూలు ఒకే పక్క బిగుసుకుపోయాయేమో చూడండి. ఒత్తిడి ఒక వైపే పడితే సాకెట్‌లో కొన్ని పిన్నులు ప్రాసెసర్‌ను సరిగ్గా తాకవు, అది ర్యామ్ పోయినట్టు కనిపిస్తుంది. స్క్రూలను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. మన దగ్గర ర్యామ్ అనగానే పెన్సిల్ రబ్బరు తీస్తారు. అది ఏళ్ల తరబడి వాడి కాంటాక్టులు మసకబారిన ర్యామ్‌కు చేసే వైద్యం. కొత్త ర్యామ్‌ను రుద్దాల్సిన పని లేదు, రబ్బరు పొడి స్లాట్‌లో పడితే కొత్త సమస్య.

వీజీఏ దీపం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. హెచ్‌డీఎంఐ కేబుల్ బోర్డు వెనక కాకుండా గ్రాఫిక్స్ కార్డుకే పెట్టారా? ఐ5-12400ఎఫ్ లాంటి 'ఎఫ్' ప్రాసెసర్లలో, రైజెన్ 5 5600లో లోపల గ్రాఫిక్స్ ఉండదు, బోర్డు పోర్టులోంచి బొమ్మ ఎప్పటికీ రాదు. కార్డు స్లాట్‌లో పూర్తిగా దిగి, చివరి క్లిప్పు పడిందా? కార్డుకు కరెంటు కేబుల్ ఉందా? మానిటర్‌లో ఇన్‌పుట్ సరైనదే ఎంచుకున్నారా? మీ ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉంటే కార్డు తీసేసి బోర్డు పోర్టుతో చూడండి, అయిదు నిమిషాల్లో విషయం తేలిపోతుంది.

ఏదీ తేలకపోతే అట్టపెట్టె మీద

ముందు బయోస్ రీసెట్ చేయండి. ప్లగ్గు తీసి, బోర్డు మీది గుండ్రటి సీఆర్2032 బ్యాటరీని పది నిమిషాలు బయట ఉంచి మళ్లీ పెట్టండి. దీని తర్వాత మెమరీ ట్రైనింగ్ మళ్లీ మొదటి నుంచి జరుగుతుంది, మళ్లీ ఓపిక పట్టాలి.

అదీ కాకపోతే బోర్డును క్యాబినెట్ నుంచి బయటికి తీసి, అది వచ్చిన అట్టపెట్టె మీద పరచండి. దాన్ని చుట్టి వచ్చిన వెండి రంగు కవర్ మీద మాత్రం పెట్టొద్దు, కరెంటు ప్రవహించే అవకాశం ఉంది. ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ రెండు కేబుళ్లు, డిస్‌ప్లే కేబుల్. డిస్కులు, క్యాబినెట్ తీగలు, రంగు లైట్లు ఏవీ వద్దు. లోపలి గ్రాఫిక్స్ లేకపోతే కార్డు ఒక్కటి. కూలర్ మాత్రం తప్పనిసరి, దాని ఫ్యాను సీపీయూ ఫ్యాన్ పిన్నులకే పెట్టాలి. స్క్రూడ్రైవర్‌తో ఆన్ చేయండి. ఇక్కడ డిస్‌ప్లే వస్తే తప్పు క్యాబినెట్‌లోనో మీరు తీసేసిన వాటిలోనో ఉంది. ఒక్కోటి కలుపుతూ ఆన్ చేస్తూ రండి, ఏది కలిపాక ఆగిందో అదే దొంగ. ఇక్కడా రాకపోతే అనుమానం నాలుగు పార్టులకు తగ్గింది.

బయోస్ వచ్చింది, విండోస్ రాలేదు

బూట్ దీపం వెలిగి, బూట్ డివైస్ లేదన్న మెసేజ్ వచ్చిందంటే సగం పండగే. కొత్త డిస్కులో విండోస్ ఉండదు, అది లోపం కాదు. ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవ్ పెట్టి బూట్ మెనూలో దాన్ని ఎంచుకోండి.

బయోస్‌లో ఎస్‌ఎస్‌డీయే కనిపించకపోతే, ఎం.2 ఆకారంలో రెండు రకాలున్నాయని గుర్తుంచుకోండి: ఎన్‌వీఎంఈ, సాటా. ఎన్‌వీఎంఈ మాత్రమే ఒప్పుకునే స్లాట్‌లో సాటా రకం పెడితే కనిపించదు. ఎం.2 స్లాట్ వాడితే కొన్ని సాటా పోర్టులు ఆగిపోయే బోర్డులూ ఉన్నాయి, మాన్యువల్‌లో రాసి ఉంటుంది. బయోస్‌లో కనిపించి విండోస్ సెటప్‌లో కనిపించకపోతే, ఇంటెల్ బోర్డుల్లో బయోస్‌లోని వీఎండీ అనే డిస్కుల సెట్టింగ్ ఆన్‌లో ఉందేమో చూసి ఆపండి. పాత కంప్యూటర్ డిస్కునే తెచ్చి పెట్టినవాళ్లకు ఇంకో చిక్కు: అది ఎంబీఆర్ అనే పాత విభజన పద్ధతిలో ఉంటే, యూఈఎఫ్‌ఐ అనే కొత్త రకం బయోస్ ఉన్న బోర్డు దాన్నుంచి బూట్ అవ్వకపోవచ్చు. డేటా ఇంకో చోటికి కాపీ చేసుకుని కొత్తగా ఇన్‌స్టాల్ చేయడమే నా సలహా.

ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌ఎంపీ, ఎక్స్‌పో సెట్టింగ్‌లను విండోస్ పూర్తిగా లేచి, ఒక రోజు వాడాకే ఆన్ చేయండి.

మార్చాల్సిందే అని తేలితే

ఉన్న ఊళ్లోనే ఇలాంటి మెషిన్ ఉన్న స్నేహితుడుంటే అనుమానించిన పార్టును అందులో పెట్టి చూడండి. లేకపోతే కొన్న షాపుకే మొత్తం మెషిన్ తీసుకెళ్లండి. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీ లాంటి చోట కొన్నా, ఆన్‌లైన్లో కొన్నా, బిల్లు, డబ్బా, సీరియల్ నంబరు స్టిక్కరు మూడూ ఉండాలి. బాక్స్ ప్యాక్ ప్రాసెసర్‌కు ఇంటెల్, ఏఎండీ మామూలుగా మూడేళ్ల వారంటీ ఇస్తాయి. ట్రే ప్రాసెసర్ అని డబ్బా లేకుండా అమ్మేదానికి కంపెనీ నేరుగా బాధ్యత తీసుకోదు, అమ్మినవాడే చూసుకోవాలి.

వంగిన పిన్నులకు మామూలుగా వారంటీ వర్తించదు. అందుకే బోర్డు ఇచ్చే ముందు సాకెట్‌ను దగ్గర నుంచి, మంచి వెలుతురులో ఫోటో తీసి, తేదీతో దాచుకోండి. సాకెట్ మీద వచ్చిన నల్లటి ప్లాస్టిక్ మూత తిరిగి బిగించకుండా పంపితే సర్వీస్ సెంటర్లు తిరస్కరించే అవకాశం ఉంది. ప్రాసెసర్ బిగించి లివర్ దించేటప్పుడు ఊడిపడేది అదే. చెత్తబుట్టలో వేసి ఉంటే ఇప్పుడే వెతికి తీసి, బోర్డు డబ్బాలో పడేయండి.